ఈల వేసిన ఇంజను

మా అన్నయ్య కార్లు బాగుచేస్తాడు, నేను ఆ కార్లకు నంబరు ప్లేట్లు రాస్తాను. షెడ్డు ఆయనది, గోడవతల ఇరుకు గది నాది. కారు ఉంటే ఇద్దరికీ షికారు, లేకపోతే ఇద్దరం బేకారు. ఈ ముక్క నేను ఇరవై ఏళ్ళుగా అంటున్నాను. అన్నయ్య ఇరవై ఏళ్ళుగా విసుక్కుంటున్నాడు. ఈ ఏడాది నుంచి విసుక్కోవడం కూడా మానేశాడు. ఇన్నాళ్ళకు రుచి తెలిసిందనుకుని నేను జోకుల మోతాదు పెంచాను.

అన్నయ్య అసలు పేరు అడిగితే వీధిలో ఎవరూ చెప్పలేరు. 'చెవి మెకానిక్' అంటే చాలు, వేలు పెట్టి షెడ్డు చూపిస్తారు. మిగతావాళ్ళు విప్పి చూస్తారు, ఆయన విని చూస్తాడు. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో దోపుకుని, రెండో కొస ఇంజను మీద తిప్పుతూ డాక్టరులా కళ్ళు మూసుకుంటాడు. కళ్ళు తెరిచేసరికి జబ్బు పేరు నోట్లో ఉంటుంది.

అలాంటివాడికి లెక్కల టీచరమ్మ కారు మూడు రోజులుగా నిద్ర లేకుండా చేసింది.

అది గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజనుకు పంపే కార్బురేటరున్న పాతకాలపు బండి. పరుగెత్తమంటే పరుగెత్తుతుంది, ఆగమంటేనే దానికి జ్వరం. రెడ్ లైటు దగ్గర నిలబెట్టగానే వణుకుతుంది, దగ్గుతుంది, ఠక్కున ఆగిపోతుంది. "నిలబడి పాఠాలు చెప్పేదాన్ని, నాకు నిలకడ లేని కారు దొరికింది" అంది టీచరమ్మ. నేను అనవలసిన ముక్క ఆవిడ అనేసినందుకు నాకు ఆ పూటంతా బాధే.

ఆ వేళ పొద్దున్నే వదిన నా గదిలోకి వచ్చింది. టీ గ్లాసు బల్ల మీద పెట్టి నిలబడిపోయింది.

"సాయంత్రం నాలుగింటికి టీచరమ్మ వస్తుంది. ఇవాళ కూడా ఇది తెమలకపోతే షెడ్డు ఎత్తేస్తానంటున్నారు మీ అన్నయ్య."

"కోపంలో అనుంటాడు వదినా."

"కోపంలో అంటే నేనెందుకు నీ దగ్గరికొస్తాను? నెమ్మదిగా అన్నారు."

బ్రష్షు కడిగేసి షెడ్డులోకి వెళ్ళాను. ఇంజను నడుస్తోంది, బానెట్టు లేచి ఉంది, దాని కింద అన్నయ్య వీపు మాత్రమే కనిపిస్తోంది.

"కారణం తెలియకపోతే కారుతో రణం తప్పదన్నయ్యా" అన్నాను, వాతావరణం తేలిక చేద్దామని.

వీపు కదల్లేదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే అప్పుడు చూశాడు.

"ఎప్పుడొచ్చావురా? ఇలా చూడు. ప్లగ్గులు మార్చాను, పాయింట్లు మార్చాను. వైర్లు ఒక్కొక్కటీ పీకి చూశాను, నాలుగు సిలిండర్లూ సమానంగానే లాగుతున్నాయి. చోక్ లాగి గాలి తగ్గిస్తే మాత్రం వణుకు నెమ్మదిస్తుంది."

"అంటే?"

"అంటే లోపలికి పెట్రోలు చాలట్లేదు, లేదా గాలి ఎక్కువైపోతోంది. గాలి కాదు."

"ఎందుకు కాదు?"

"ఎక్కడన్నా గాలి దూరితే బుస కొడుతుంది. బుస కొడితే నాకు వినపడదా? కాబట్టి పెట్రోలే. పెట్రోలు చిమ్మే జెట్లు మళ్ళీ కడుగుతాను."

మళ్ళీ అంటే మూడోసారి. కార్బురేటరు పుట్టాక అన్ని స్నానాలు చేసి ఉండదు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఈ షెడ్డులో నా ఉద్యోగం అదే, నిలబడి మాట్లాడటం. ఇంజను పక్కనుంచి సన్నగా ఒక ఈల వస్తోంది. మూడు రోజులుగా గోడవతలికి కూడా వస్తోంది. ఎవరింట్లోనో కుక్కరు మూత సరిగ్గా పడలేదేమో అనుకుని నేను పట్టించుకోలేదు.

"కడిగితే కడిగావు గానీ, ముందు ఆ ఈల ఆపు అన్నయ్యా. తల దిమ్మెక్కుతోంది."

"ఏ ఈల?"

నవ్వబోయాను. ఆయన మొహం చూసి ఆపుకున్నాను. పరిహాసం ఏ కోశానా లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"అదే... సన్నగా... స్‌స్ అని."

అన్నయ్య గొట్టం చెవిలో దోపుకున్నాడు. కార్బురేటరు చుట్టూ తిప్పాడు. తీసి, రెండో చెవిలో పెట్టుకున్నాడు. మళ్ళీ తిప్పాడు. ఈల నాకు గోడ దగ్గరికి వినిపిస్తూనే ఉంది. నా గదిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుపోతున్న వదిన షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది.

"నీకు వినిపిస్తోందా?" అన్నయ్య ఆమెను అడిగాడు.

వదిన ముందు ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. మొహం ఎత్తి, పెదవులు కదలడం కనిపించేలా, "వినిపిస్తోందండీ" అంది.

అప్పుడు తట్టింది నాకు. ఏడాదిగా వదిన వంటింట్లోంచి కేక వేయడం మానేసి, ప్రతి మాటకూ నడిచొచ్చి చెబుతోంది. నేనేమో, ఈ వయసులో ఇంత అన్యోన్యత ఏమిటా అని వాళ్ళ మీద రెండు మూడు జోకులు కూడా వేశాను.

అన్నయ్య గొట్టం నా చేతిలో పెట్టాడు. "నువ్వు పెట్టుకో. నేను తిప్పుతాను. గట్టిగా వినిపించిన చోట చెయ్యెత్తు."

చెవిలో పెట్టుకున్నాను. ఆయన రెండో కొస తిప్పుతున్నాడు, నేను బడిలో పిల్లాడిలా చెయ్యి ఎత్తుతున్నాను, దించుతున్నాను. కార్బురేటరు అడుగున, అది ఇంజను మీద కూర్చునే చోట, చెవిలో పాము దూరినట్టయింది. రెండు చేతులూ ఎత్తేశాను. ఆయన అక్కడ నాలుగు చుక్కలు ఇంజనాయిలు వేశాడు. ఈల ఆగింది. ఇంజను వణుకు కూడా ఒక్క క్షణం ఆగి, నూనె లోపలికి పీల్చేశాక మళ్ళీ మొదలైంది.

"ప్యాకింగు" అన్నాడు అన్నయ్య. "ప్యాకింగు పగిలింది. మూడు రోజులు..."

ఇంజను ఆపి నట్లు విప్పితే అట్టముక్కలాంటి ప్యాకింగు ఒక అంచున వెంట్రుకవాసి చీలి ఉంది. కార్బురేటరు మూడుసార్లు విప్పినా దాన్ని చూడలేదాయన. చెవి లేదన్న తప్పును కంటితో వెతికే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు. కొత్త షీటు మీద గీసుకుని, కత్తెరతో కత్తిరించి, బిగించాడు. ఆ చేతులు చూస్తుంటే ఈ మనిషికి ఏ లోపమూ లేదనిపిస్తుంది.

ఇంజను అందుకుంది. అన్నయ్య మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు ఉంచాడు.

"వణుకు లేదు" అన్నాడు. "ఈల?"

"ఆగిపోయింది."

"పూర్తిగా?"

"పూర్తిగా అన్నయ్యా."

నాలుగింటికి టీచరమ్మ వచ్చింది. కూర్చుని, స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు ఉన్నచోటే ఉంచింది. కారు బుద్ధిగా నిలబడింది. "మీ చెవే చెవి బాబూ" అంది దిగుతూ. అన్నయ్య తల ఊపాడు. ఇక వెళ్ళిపోతుందనుకున్నాం. ఆవిడ వెళ్ళలేదు.

"మా తమ్ముడి బండి కూడా తెమ్మంటారా? ఇంజన్లో ఒకటే చప్పుడు." ఆ చప్పుడేదో నాలుకతో చేసి చూపించింది.

అన్నయ్య ఆవిడ పెదవులు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. నేను దగ్గరికి జరిగి ఆయన చెవిలో చెప్పాను. "టకటక అంటోందట."

"టకటకా, టికటికా?"

టీచరమ్మను మళ్ళీ చెయ్యమన్నాను. చేసింది. అక్షరాలు రాసుకుని బతికే నాకు అది ఏ అక్షరమో అందలేదు. "రెంటికీ మధ్యలో ఉందన్నయ్యా."

"రెంటికీ మధ్యలో ఏమీ ఉండదురా" అన్నాడు, కోపం లేకుండా. "టికటిక అయితే వాల్వు, గంటలో సర్దేస్తాను. టకటక అయితే బేరింగు, ఇంజను మొత్తం దింపాలి. సరిగ్గా చెప్పు."

"టక... టిక..." గట్టిగా అన్నాను. మెల్లగా అన్నాను. రోడ్డు మీద పోయేవాళ్ళు తిరిగి చూసేంతగా అన్నాను. నేను అన్న ప్రతిసారీ అది వేరే చప్పుడైపోతోంది.

అన్నయ్య నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. ఆవిడ వైపు తిరిగాడు.

"ఆ బండి ఇంకెవరికైనా చూపించండమ్మా."

"మీకు పని ఎక్కువగా ఉందా?" అంది టీచరమ్మ.

ఆ మాట ఆయనకు అందిందో లేదో నాకు తెలియలేదు. "అవునండీ" అన్నాను నేను. ఆవిడ కారు తప్ప ఇంకో బండి లేని షెడ్డులో నా గొంతు నాకే చాలా పెద్దగా వినిపించింది.