ఓడలో పసుపు బస్తా

రెండు నెలలుగా చిన్నమ్మలు నోట్లోంచి "ఊఁ", "వద్దు" తప్ప మరో మాట లేదు. కూతురు సౌందర్య పోయిన నాటి నుంచి పాచిపెంటలో తన పసుపు కొట్టు తలుపు తీయలేదు. అన్నం కూడా రెండు ముద్దలతో సరి. ఆమె చేత ఒక్క పూట కడుపునిండా తినిపించి, నాలుగు మాటలు మాట్లాడించాలని అల్లుడు సర్వేశ్వరరావు మాస్టారి తాపత్రయం. ఏం చేయాలో తోచక ఆదివారం ఆమెను అరకు తీసుకొచ్చాడు. అక్కడ ఎవరో కొత్తగా మ్యూజియం తెరిచి, పాతకాలపు తెరచాప ఓడకు అసలు ఓడంత నమూనా కట్టారు. సముద్రం ఎరగని కొండల్లో, కాఫీ తోట పక్కన, మూడు తెరచాప కొయ్యలతో ఓడ!

"ఎలా ఉందత్తయ్యా?"

"ఊఁ."

ఓడ ఎక్కాక గైడు కామేష్ మైకులో గాలుల గురించి, నావికుల గురించి చెప్పుకుపోయాడు. చిన్నమ్మలు చుక్కానిని చూడలేదు, ఫిరంగిని చూడలేదు. మాస్టారు ఆశ వదులుకున్నాడు. ఆఖరికి అందరూ మెట్లు దిగి ఓడ అడుగు భాగంలోకి వెళ్లారు. అడ్డంగా కట్టిన తాడుకు అవతల సరుకు బస్తాలున్నాయి. ఒకదాని మూతి విప్పి ఉంది. నిండా పసుపు కొమ్ములు.

చిన్నమ్మలు ఆగింది. తాడు కింద నుంచి దూరి, కొంగు బిగించి, బస్తాలోకి భుజం దాకా చేయి దించేసింది. పైన మంచి సరుకు పరిచి అడుగున చెత్త పోసేవాళ్లను ముప్పై ఏళ్లుగా సంతలో ఆమె పట్టేది అలాగే. గుప్పెడు పైకి తీసింది. రంపపు పొట్టు.

"ఓలమ్మో! ఇదేటిది? పైన నాలుగు కొమ్ములు పరిసి అడుగునంతా పొట్టు పోత్తారా? ఎవుడ్రా సావుకారు?"

కామేష్ పరుగెత్తుకొచ్చాడు. "మామ్మగారూ, ముట్టుకోకూడదండీ. చూడ్డానికే పెట్టాం!"

"సూసినాను గదా, అందుకే అడుగుతన్నాను. ఈ ఓడ ఏ ఊరెళ్తాది?"

"ఎక్కడికీ వెళ్లదండీ."

"ఎలాగెళ్తాది? ఈ సరుకెత్తితే ఏ రేవోడు దించుకుంటాడు?"

జనం ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని ఫోన్లు పైకెత్తారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమె ఒక కొమ్ము విరవబోయింది. అది వంగింది.

"సరిగ్గా ఎండబెట్టనేదు కూడాను! ఇరిత్తే టప్పుమనాల!"

కామేష్ తనకు తెలియకుండానే మైకు ఆమె నోటి దగ్గర పెట్టాడు. పసుపు ఉడకబెట్టడం, ఎండబెట్టడం, మెరుగు పెట్టడం మీద పావుగంట ప్రసంగం నడిచింది. మాస్టారు క్షమాపణ చెప్పాలని నోరు తెరిచాడు. మధ్యలో మాట్లాడితే ఆమె ఆపేస్తుందేమోనని మూసేశాడు.

ఓడ దిగాక చిన్నమ్మలు ఒక మెట్టు మీద కూలబడింది.

"మన సౌందర్య సూసుంటే సిగ్గుతో ఓడ కిందకి దూరిపోయేది."

రెండు నెలల్లో ఇద్దరూ ఆ పేరు పైకి అనలేదు. మాస్టారు జేబురుమాలు తీసి ఆమె మోచేతి మీది పొట్టు దులిపాడు.

"లేదత్తయ్యా. సౌందర్య అయితే రెండో బస్తా కూడా విప్పేది."

చిన్నమ్మలు నవ్వబోయి ఏడ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని లేచింది.

"అన్నం పెట్టే హోటలుందేటి బాబూ ఇక్కడ? బేగి పద. పప్పులో ఏం పసుపేత్తన్నారో సూడాల."