మీ దరఖాస్తు అందింది

చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ప్రభుత్వ బ్యాంకును తీసుకెళ్లి ఓ పెద్ద బ్యాంకులో కలిపేశారు. పాత వెబ్‌సైటు మూతపడేలోగా దాని నకలు తీసి భద్రపరిచే పని పాత వెబ్‌సైట్లు దాచే ఆఫీసులో పనిచేసే జిడ్డు నెత్తిన పడింది. పట్టుకుంటే వదలడని ఆఫీసువాళ్లు పెట్టిన పేరది. వదల్లేదు కూడా, మహానుభావుడు! ఎప్పటివో ప్రకటనలు, మేనేజర్ల నవ్వు మొహాలు, అన్నీ దాచాడు. దరఖాస్తు పేజీ ఒక్కటే మొండికేసింది. నకలులో బటన్ నొక్కితే ఉలకదు, పలకదు.

"లేని బ్యాంకుకి దరఖాస్తు ఎవరు పెడతారయ్యా, వదిలెయ్" అంది పక్క సీటావిడ.

వింటేగా! నొక్కగానే "మీ దరఖాస్తు అందింది. త్వరలో కబురు చేస్తాం" అనే పాత పేజీ వచ్చేలా కూర్చుని మరీ కలిపాడు. ఆ మురిపెంలో లింకు అక్కకు పంపాడు. "చూడక్కా, అచ్చం అసలుదే!"

అక్క సంచుల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. వీడి చదువంతా ఆ మిషన్ మీదే నడిచింది. ఎప్పటికైనా సొంత కొట్టు పెట్టాలని ఆమె ఆశ.

కొన్నాళ్లకు ఆమె ఆఫీసుకే వచ్చింది. మెట్లెక్కి రొప్పుతోంది కానీ మొహం వెలిగిపోతోంది.

"ఫ్యాక్టరీ మానేశాన్రా. కొట్టుకి గది మాట్లాడేశా. బ్యాంకు నుంచి కబురే రాలేదు, కాస్త కనుక్కో."

"ఏ బ్యాంకక్కా?"

"నువ్వు పంపిందేరా! అందులోనే పెట్టా. అందిందని కూడా వచ్చింది."

జిడ్డు గబగబా ఆ పేజీ తెరిచాడు. "పైన ఎర్రగా రాసుంది కదక్కా, ఇది నకలని..."

"ఏదో ప్రకటన అనుకున్నా. నువ్వు పంపాక ఇంకేం చదవాలి?"

ఆమె రాసినదేదీ ఎక్కడికీ చేరలేదు. పెద్ద బ్యాంకుకు ఫోన్ చేశాడు. ఈ ఏటి దరఖాస్తులు పోయిన వారమే ఆపేశారట. బతిమాలాడు, ప్రాధేయపడ్డాడు. అవతల ఫోన్ పెట్టేశారు.

"మళ్లీ ఫ్యాక్టరీలో అడుగుదాం అక్కా."

"నా మిషన్ మీద అప్పుడే వేరే ఆవిడ కూర్చుందిరా."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. కుర్చీ లాక్కుని వాడి పక్కన కూర్చుంది. "ఒక్కసారి నువ్వు పెట్టి చూడు. నేనే ఏదో తప్పు నొక్కి ఉంటాను."

అక్క చెబుతుంటే పేరు, ఊరు, పని అన్నీ నింపాడు. బటన్ నొక్కాడు.

మీ దరఖాస్తు అందింది. త్వరలో కబురు చేస్తాం.

"అందిందనే అంటోంది కదరా" అంది అక్క, తెర వంకే చూస్తూ.