రెండున్నరకు సాంచాలు ఆపాలి

మా ఇంట్లో ఎవరికీ మెల్లగా మాట్లాడడం రాదు. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు గానీ దాచినా దాగదు. కల్యాణ్ దగ్గర, తెలుగు నేతవాళ్ళు స్థిరపడ్డ ఊళ్ళో, కనేరి పేటలో కనుకయ్య మావ కార్ఖానా పైఅంతస్తులో మేముంటాం. కింద రాత్రీ పగలూ సాంచాలు నడుస్తాయి. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. అవి నడుస్తుంటే మనుషులు వాటి మీద నుంచి అరవాల్సిందే. "చాయ్ తాగుతవా కొడుకా?" అని మా అమ్మ అలివేలు ప్రేమగా అడిగినా కొత్తవాళ్ళు కొట్లాట అనుకుని ఆగి చూస్తారు. అరుపు కూడా అందని దూరమైతే పెదాలతో మాట్లాడుకుంటాం. కార్ఖానా ఆ మూల నుంచి గొంతు లేకుండా పెదాలు కదిపి వేళ్ళు చూపిస్తే, ఈ మూల నుంచి ఎన్ని చాయ్‌లు కావాలో అన్నీ వస్తాయి.

నా భార్య మేఘన కూడా ఈ ఊరి పిల్లే. కామత్‌ఘర్‌లో సాంచాల మధ్యే పుట్టి పెరిగింది. నర్సింగ్ చదివి ఇక్కడే ఒక ఆస్పత్రిలో పని చేస్తోంది. ఐర్లాండ్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఒక హోమ్‌కు నర్సులు కావాలంటే అప్లై చేసింది. ఇంగ్లీషు పరీక్ష పాసైంది, కాగితాలన్నీ కుదిరాయి, వీడియో ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలింది. ఉద్యోగం వస్తే పర్మిట్ తనకు, తన వెంట మొగుడికీ పిల్లకూ వీసా. ఆ వీసా భాషలో నన్ను డిపెండెంట్ అంటారట, అంటే ఆధారపడినవాడు. పూర్ణాలో నేను పనిచేసే గోదాంలో రాత్రి షిఫ్టు మొత్తం నా మీద ఆధారపడి నడుస్తుంది, అది ఎవరికీ పట్టదు.

మా అమ్మకు ఇది పండగైపోయింది. "ఓ శుభమ్! ఆడిపిల్ల పెండ్లయినంక అత్తగారింటికి పోతది. నువ్వేమో పెండ్లాం వెంబడి సూట్‌కేస్ పట్టుకొని పోతున్నవ్. సారె పెట్టి పంపాల్నా ఏంది నిన్ను?" అని గల్లీ అంతా వినబడేటట్టు ఆటపట్టించేది. గల్లీ అంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి, ఎందుకంటే ఆ సూట్‌కేస్ మొయ్యాలని నాకు నిజంగానే ఆశగా ఉంది.

నాది రాత్రి డ్యూటీ, మేఘనది పగటి డ్యూటీ. తను ఇంటికొచ్చేసరికి నేను బూట్లు వేసుకుంటుంటాను. ఏడాది నిండని మా కూతురు ఓవిని గుమ్మం దగ్గర చేతులు మారుస్తాం. ముగ్గురం కూర్చుని అన్నం తినేది శుక్రవారం ఒక్క రోజే. ఆ రోజు ఊళ్ళో సాంచాలు బంద్, మా ఇద్దరికీ సెలవు. ఐర్లాండ్ అంటే చలి, వాన, గొర్రెలు అని తప్ప నాకేమీ తెలియదు. "గక్కడైతే రోజూ కలిసి తినొచ్చు, నీ పని నా డ్యూటీ చూసి వెతుక్కుందాం" అని మేఘన అన్న రోజు నుంచి మాత్రం నాకు నేల మీద కాలు నిలవడం లేదు.

చిక్కల్లా గొంతుతోనే వచ్చింది. అంతకు ముందు వేరే హోమ్‌వాళ్ళు ఒకసారి ఇంటర్వ్యూ చేశారు. మేఘన అన్నింటికీ సరైన జవాబులే చెప్పింది. తరవాత ఏజెన్సీ మేడమ్ ఫోన్ చేసి, "మీకు కోపం ఎందుకొచ్చిందని అడుగుతున్నారు" అంది.

"నాకు కోపం రాలే!" అంది మేఘన. అన్న తీరుకు పాపం ఆ మేడమ్ ఫోన్ చెవికి దూరంగా జరిపి ఉంటుంది.

అందుకని ఈసారి మేడమ్ ముందే హెచ్చరించింది. ఈ సంవత్సరానికి ఇదే ఆఖరి అవకాశం. మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకు. గదిలో చప్పుడు ఉండకూడదు, గొంతు మెత్తగా ఉండాలి.

శుక్రవారానికి మార్చమని బతిమాలాం, కుదరదన్నారు. కల్యాణ్‌లో మా రూపాలి వదిన ఇంట్లో కూర్చోమన్నాను. మేఘన ససేమిరా అంది. "నా ఇంట్ల, నా కుర్చీల కూసుంటెనే నాకు ఇంగ్లీష్ వస్తది. పరాయింట్ల కూసుంటె మరాఠీ వస్తది!"

ఇక మెత్తగా మాట్లాడే సాధన మొదలైంది. నేను ఇంటర్వ్యూ చేసే దొరసానిని. తన గొంతు లేచినప్పుడల్లా నేను వేలు ఎత్తాలి. మొదటి రోజు నా వేలు దించే పనే పడలేదు. రెండో రోజుకు గొంతు తగ్గింది, దాంతోపాటు ఇంగ్లీషూ తగ్గింది. మెల్లగా మాట్లాడమంటే మేఘనకు పదాలు నోట్లోనే ఇరుక్కుంటాయి. "గిట్ల మాట్లాడుతుంటె నేను దొంగతనం చేసి ఒప్పుకుంటున్నట్టు ఉంది యార్" అని తల పట్టుకుంది. అయినా పట్టు వదల్లేదు.

సాంచాలు ఆపించే పని మా అమ్మ తీసుకుంది. కొంగు నడుముకు చుట్టి కింద కార్ఖానాలోకి దిగింది. "కనుకయ్యా! నా కోడలు విమానం ఎక్కాల్నా వద్దా?"

"ఎక్కాలె అక్కా, ఎవలు వద్దన్నరు?"

"అయితే మంగళారం రెండున్నరకు సాంచాలు బంద్ పెట్టు."

కనుకయ్య మావ గడ్డం గోక్కున్నాడు. ఎట్లాగూ వారంలో ఒకసారి దులిపి నూనె పెట్టాలి, ఆ పనేదో మంగళవారమే పెట్టుకుంటే సరిపోతుందన్నాడు. ఎదుటి కార్ఖానాలవాళ్ళకూ ఆ మాటే చెప్పి ఒప్పించాడు. అమ్మ అందరికీ మిర్చి బజ్జీలు చేస్తానని మాటిచ్చింది. మంగళవారం వచ్చేసరికి గల్లీ మొత్తానికి ఇంటర్వ్యూ ఉన్నట్టయింది. దారిన పోతుంటే నేత పనివాళ్ళు మేఘనకు ఇంగ్లీషులో గుడ్ మార్నింగ్ చెబుతున్నారు, సాయంత్రం పూట కూడా.

ఆ రోజు మధ్యాహ్నం అన్నీ అమిరాయి. సాంచాల మోతలో ఓవి ఉయ్యాలలో హాయిగా నిద్రపోయింది. డ్యూటీకి సెలవు పెట్టిన మేఘన ఇస్త్రీ చొక్కా వేసుకుని తన కుర్చీలో కూర్చుంది. నేను ఉయ్యాల పక్కన నేల మీద కూర్చున్నాను. అమ్మ మెట్ల మీద కాపలా. సరిగ్గా వేళకు కనుకయ్య మావ మెయిన్ స్విచ్ దించాడు. ఎదుటివాళ్ళూ దించారు. గల్లీ గల్లీ అంతా గప్‌చుప్ అయిపోయింది. మా ఇంట్లో గోడ గడియారానికి చప్పుడుందని నాకు అప్పుడే తెలిసింది.

లాప్‌టాప్ తెర మీద ముఖాలు కనబడ్డాయి. "గుడ్ మార్నింగ్ మేడమ్" అంది మేఘన, ఎంతో మెత్తగా.

ఉయ్యాలలో ఓవి కళ్ళు తెరిచింది.

శుక్రవారం నాడు ఓవి నిద్రపోదు. పుట్టినప్పటి నుంచీ ఆ పిల్లకు జోల పాడింది సాంచాలే. అవి ఆగాయంటే ఎవరో చెయ్యి పట్టి లేపినట్టే. శుక్రవారం ఊరికంతా సెలవు, మాకు జాగరణ. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. గల్లీ మొత్తం ఆపించే హడావుడిలో ఒక్కరికీ గుర్తు రాలేదు!

ఓవి నోరు తెరిచే లోపు ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. తలుపు మూసిన మరుక్షణం రాగం అందుకుంది. అది కూడా మా ఇంటి గొంతే మరి.

లేచింది ఓవి ఒక్కతే కాదు. గదుల్లో పడుకున్న రాత్రి షిఫ్టు పనివాళ్ళందరికీ ఆ నిశ్శబ్దానికి మెలకువ వచ్చింది. లుంగీలు బిగించుకుంటూ వరండాల్లోకి వచ్చేశారు. "కరెంట్ పోయిందా?" "ఏమైందిరా, ఎవలన్న పోయిండ్రా?" "హర్తాళా ఏంది?" సాంచాలు లేవన్న సంగతి కళ్ళకు తెలుస్తోంది గానీ గొంతులకు ఇంకా తెలియలేదు. అందరూ అరుస్తున్నారు.

మెట్ల మీద నుంచి మా అమ్మ లేచింది. "అరవకుండ్రి! లోపట నా కోడలికి ఇంటర్వ్యూ నడుస్తుంది!"

ఆ కేక ఇంటర్నెట్ అవసరం లేకుండానే ఐర్లాండ్ చేరి ఉంటుంది.

నేను పిల్లతో కార్ఖానాలోకి దిగాను. నూనె డబ్బాలు పట్టుకున్నవాళ్ళంతా చుట్టూ మూగారు. "ఖటక్ ఖటక్, ఖటక్ ఖటక్" అని నేను నోటితో సాంచా నడిపించాను. ముసలి నేతగాడు రాజయ్య తాత రేకు డబ్బా కొట్టాడు. కనుకయ్య మావ, ఇంత పెద్ద సేటు, నాలుకతో టకటకలాడించాడు. ఓవి ఏడుపు ఆపి మమ్మల్ని ఒకసారి చూసింది. కింది పెదవి వణికింది. ముందుకన్నా పెద్దగా అందుకుంది.

"పిల్లకు ఒరిజినల్ కావాలె. డూప్లికేట్ నడ్వది" అన్నాడు రాజయ్య తాత.

"మావా, ఒక్క సాంచ నడిపించు. ఒక్కటే, మెల్లగ" అన్నాను నేను. మెల్లగా నడిచే సాంచా ఈ లోకంలో ఉండదని నాకు తెలుసు. కానీ ఆ సమయంలో నాకు బుద్ధి పని చేయడం లేదు.

ఒక మూల సాంచా కదిలింది. ఓవి ఏడుపు సగానికి తగ్గింది. అమ్మయ్య అనుకునే లోపు ఎదుటి కార్ఖానాలో ఎవరో కేక పెట్టారు: "అయిపోయింది ఇంటర్వ్యూ! చాలూ కర్!" అక్కడ సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి. దాని పక్క కార్ఖానాలోనూ మొదలయ్యాయి. మా కార్ఖానాలోవాళ్ళు మాత్రం ఎందుకు ఊరుకుంటారు? నేను పెదాలతో "ఆపుండ్రి, ఆపుండ్రి" అంటూనే ఉన్నాను. గల్లీ మొత్తం ఎప్పటి మోతలో పడింది. ఓవి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

నాకు ఏడుపొచ్చింది. రోజూ కలిసి తినే అన్నాన్ని నా చేతులతో నేనే పారబోసుకున్నాను అనుకున్నాను. పైకి వెళ్తే మెట్ల మీద అమ్మ లేదు. తలుపు సందులోంచి లోపలికి చూస్తూ ఉంది. నన్ను చూసి రమ్మని సైగ చేసింది.

లోపల మేఘన మాట్లాడుతోంది. వారం రోజులు నేర్చుకున్న మెత్తదనమంతా ఎటుపోయిందో, వెన్ను నిటారుగా పెట్టి, ముఖం తెరకు ఎదురుగా పెట్టి, ఒక్కొక్క మాటకూ నోరంతా తెరిచి, చేతులతో చూపిస్తూ, కార్ఖానా గొంతుతో మాట్లాడుతోంది. అన్నం తిననని మొండికేసే ముసలమ్మను ఏం చేస్తావని అడిగారట. "ముందు ఆమెకెదురుగా కూర్చుంటాను! నా ముఖం ఆమెకు కనబడాలి! ఆ తరవాతే మాట!" అని ఇంగ్లీషులో చెబుతోంది. ఒక్క పదం ఇరుక్కోవడం లేదు.

తెర మీద ఒక మేడమ్, ఆమె పక్కన చక్రాల కుర్చీలో ఒక ముసలాయన. హోమ్‌లో ఉండేవాళ్ళ తరఫున ఆయన్ను కూర్చోబెట్టారట. అప్పటిదాకా చెవి మిషన్ తిప్పుకుంటూ కునుకుతున్న మనిషి, తల ఎత్తి ముందుకు వంగాడు.

"వెనక ఏంటది, వానా?" అని అడిగాడు.

"కాదు సర్! మగ్గాలు! మా ఊరు బట్ట నేస్తుంది!"

ఆయన మేడమ్ వైపు తిరిగి, "నిన్నటి నుంచి ఇంతమంది వచ్చారు. మళ్ళీ చెప్పమని అడగకుండా నాకు వినబడింది ఈ అమ్మాయి ఒక్కతే" అన్నాడు. మేడమ్ పకపకా నవ్వింది. తమ దగ్గర సగం మందికి చెవులు సరిగా వినబడవనీ, అంతకు ముందు మేఘన గొణుగుతుంటే ఇక ఆపేద్దామనే అనుకున్నాననీ చెప్పింది. చివరికి, నువ్వేమైనా అడుగుతావా అంది.

మేఘన తెరకు ఇంకా దగ్గరగా జరిగింది. "మీ దగ్గర చప్పుడు ఉంటుందా?"

మేడమ్ ఎంతో గర్వంగా చెప్పింది, బొత్తిగా ఉండదని. పక్షుల కూత తప్ప ఏమీ వినబడదట.

తలుపు దగ్గర అమ్మ నా భుజం గిల్లి, తనకు చేతనైనంత గుసగుసగా అంది: "అయితే పిల్ల ఎట్ల పంటదిరా?"

జవాబు మెయిల్‌లో చెబుతామన్నారు. ఎదురు చూస్తున్నన్ని రోజులు నేను సాధన చేశాను. మేఘన మెత్తగా మాట్లాడడం నేర్చుకున్నట్టే నేను సాంచా కావడం నేర్చుకున్నాను. నాలుకతో, దారంతో అటూ ఇటూ ఉరికే ధోటా పరుగు, మడమతో నేల మీద దెబ్బ, అరచేతితో పిల్ల వీపు మీద తట్టు, మూడూ ఒక్క లయలో పడాలి. రాజయ్య తాత వచ్చి తప్పులు దిద్దాడు. "డిపెండెంట్‌కు నౌకరి దొరికింది" అంది అమ్మ.

శుక్రవారం వచ్చింది. సాంచాలు బంద్. ఓవి పొద్దుటి నుంచి కళ్ళు మూయలేదు. మధ్యాహ్నం అన్నాలు వడ్డించి ఉన్నాయి. నేను పిల్లను భుజాన వేసుకుని ఖటక్ ఖటక్ అంటూ గదిలో తిరుగుతున్నాను. ఎంతకీ వాలని తల మెల్లగా వాలింది. ఊపిరి సర్దుకుంది. ఒరిజినల్ కాకపోయినా నడిచింది!

అప్పుడే మేఘన ఫోన్ వెలిగింది. చదివింది. కేక పెట్టడానికి నోరు బార్లా తెరిచింది. అమ్మ ఒక్క దూకులో వచ్చి ఆ నోరు మూసింది, ఓవి వైపు వేలు చూపించింది.

మేఘన అమ్మ చేతిని మెల్లగా తప్పించి, నన్ను చూస్తూ, గొంతు లేకుండా పెదాలు కదిపింది. వచ్చింది. ఉద్యోగం వచ్చింది. ముగ్గురం పోతున్నం.

అమ్మ కిటికీ దగ్గరకు పరిగెత్తి ఎదుటి వరండాలో ఉన్న రాజయ్య తాతకు పెదాలతో చెప్పింది. ఆయన కిందున్న కనుకయ్య మావకు చెప్పాడు. వరండా నుంచి వరండాకు వార్త పాకింది. పుట్టి బుద్ధెరిగి ఒక్క మాట మెల్లగా అనని మనుషులు చేతులు పైకెత్తి, నోళ్ళు తెరిచి, ఒక్క చప్పుడు లేకుండా ఎగురుతున్నారు. కనుకయ్య మావ లుంగీ పట్టుకుని గిర్రున తిరిగాడు. నాకు ఊరు అదిరేటట్టు అరవాలని ఉంది. అరవలేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నా ఖటక్ ఖటక్ అంటూనే ఉన్నాను. ఆగితే పిల్ల లేస్తుంది.

మేఘన వచ్చి కొంగుతో నా ముఖం తుడిచింది. పప్పన్నం ముద్ద కలిపి నా నోటి దగ్గర పెట్టింది. నోరు ఖాళీ లేదని తల ఊపాను. అప్పుడు తను అందుకుంది, ఖటక్ ఖటక్, ఖటక్ ఖటక్. నేను ముద్ద నమిలి మింగేదాకా తను సాంచా అయింది. తను తినేటప్పుడు నేనయ్యాను. కంచం ఖాళీ అయ్యేదాకా ఓవి లేవలేదు.