సాంబ్రాణి కారు

2007 ఎండాకాలంలో, మదనపల్లె టమోటా మండీ యజమాని జయరామిరెడ్డి కారులో ఏసీ గాలి సన్నగిల్లింది. వచ్చే ఆ కాస్త గాలీ ఒకటే కంపు.

"నీ చెమట కంపేరా ఇది. రేపటికి పోకుంటే నువ్వే పోతావు," అని డ్రైవరు మునిరత్నానికి తేల్చి చెప్పేసినాడు రెడ్డి.

తొమ్మిదేండ్ల కొలువు. మునిరత్నం ఆ పూట రెండుసార్లు నీళ్లు పోసుకున్నాడు. అయినా కంపు పోలా. తెల్లారి కారును పుంగనూరులో మెకానిక్కు మస్తాన్ దగ్గరికి తోలుకుపోయినాడు. మస్తాన్ ముందుసీటు కాడుండే సొరుగు ఊడదీసి, దాని వెనక నుంచి ఏసీ ఫిల్టరు లాగినాడు. కాగితం మడతలన్నీ మసిపట్టి పెనం అడుగు మాదిరి ఉండాయి.

"కారులో పొయ్యి గాని పెట్టినారా అన్నా?"

"ప్రతి శుక్రవారం అమ్మగారు అద్దాలన్నీ మూసి, ఏసీ ఆన్ చేసి లోపల సాంబ్రాణి పొగ పెడతాది."

"ఇంక గాలి యాడినుంచి వస్తాది?"

మునిరత్నం కొత్త ఫిల్టరు వేయించి, పాతదాన్ని పేపర్లో చుట్టుకొని సంబరంగా వచ్చినాడు. వాకిట్లో మొగుడూపెండ్లాల ముందర విప్పి, "నా చెమట కాదు సార్, సాంబ్రాణి మసి," అన్నాడు. అమ్మగారు మొగం తిప్పుకొనింది.

రెడ్డి దాన్ని చెప్పుకాలితో పక్కకు తోసినాడు. "మా ఇంటామె పూజకే వంక పెడతావా? తాళం ఈడ పెట్టి పో."

మునిరత్నం గేటు దాటకముందే రెడ్డి కారెక్కి ఏసీ వేసినాడు. చల్లటి గాలి మొగాన కొట్టింది.

"సూడు మాధవీ," అన్నాడు పెండ్లాంతో, గేటు దాకా ఇనపడేటట్టు. "వాడు దిగినాక కంపే లేదు."