ఇంట్లో ఒప్పుకుందట

"ఆ ఒక్క దారీ లెక్కలోంచి తీసెయ్యవోయ్, గొడవ వదిలిపోతుంది," అన్నాడు మా ఆయన పళ్ళు తోముకుంటూ.

నేను గిన్నెలు కడుగుతున్నాను. ఇద్దరిదీ ఒకటే చిప్ డిజైన్ కంపెనీ. చిప్ ఏం చెయ్యాలో అతని జట్టు రాస్తుంది. అందులో ప్రతి సిగ్నలూ క్లాక్ తర్వాతి టిక్కు పడేలోగా చేరాల్సిన చోటికి చేరుతోందా లేదా అన్నది నేను తేలుస్తాను. ఒక్కటి ఆలస్యమైనా చిప్ తప్పు లెక్క చెబుతుంది. ఆ సాయంత్రం మా చిప్ తయారీకి వెళ్ళాలి. నా సంతకం లేనిదే వెళ్ళదు. ఒక దారిలో సిగ్నల్ ఆలస్యమవుతోంది.

"అది ఎవరూ వాడని దారి. రాసినవాణ్ణి, నాకు తెలీదా?"

"పరీక్ష పెట్టి చెబుతాను."

"ఇంకా పరీక్షేమిటమ్మాయ్, వాడు చెబుతున్నాడుగా," అంది అత్తగారు, తాగిన గ్లాసు నా చేతికిస్తూ. చుట్టాలొస్తే ఆవిడ నన్ను పరిచయం చేసేదీ అలాగే: "మా కోడలికి తప్పులు వెతకడమే ఉద్యోగం, ఇంటికొచ్చినా ఆ బుద్ధి పోదు." అందరూ నవ్వుతారు, నేనూ నవ్వి టీ పెడతాను. పిల్లని స్కూలు బస్సుకి, మాత్రల్ని అత్తగారికి, ఇస్త్రీ చొక్కాని అతనికి వేళకి చేర్చేదీ నేనే. అన్నీ చేరినంతకాలం నేనెవరికీ కనిపించను. ఏదైనా ఆలస్యమైతే మాత్రం ఇల్లంతా నా పేరు మోగిపోతుంది.

ఆఫీసుకెళ్ళగానే పరీక్ష పెట్టాను. ఆ చిప్ రోగి మంచం పక్కన గుండె కొట్టుకోవడం లెక్కపెట్టే యంత్రంలోకి వెళ్తుంది. బ్యాటరీ ఆదా కోసం మధ్యమధ్య నిద్రపోతుంది. నిద్ర లేవగానే సిగ్నల్ తిన్నగా ఆ 'ఎవరూ వాడని' దారే పట్టింది. మొదటి లెక్కే తప్పు.

మీటింగులో పెద్ద బాస్ నా పేరు పిలిచేలోపే మా ఆయన అందుకున్నాడు.

"ఆ దారి సంగతి ఇంట్లో మాట్లాడేసుకున్నాం సార్. ఆవిడ ఒప్పుకుంది."

"ఇంట్లో ఒప్పించావా? ఘనుడివేనయ్యా!" అన్నారెవరో. గదంతా నవ్వు.

ఈసారి నేను నవ్వలేదు.

"ఇంట్లో నేను ఒప్పుకున్నది కూరలో ఉప్పెక్కువైందని. దీనికి కాదు," అని పరీక్ష ఫలితం తెరమీద పెట్టాను. "చిప్ ఆపాలి. బాగుచెయ్యడానికి వారం పడుతుంది."

నవ్వు ఆగిపోయింది. బాస్ మా ఆయన వైపు చూశాడు.

"అటు కాదు సార్, ఇటు చూడండి. సంతకం నాది."

బాస్ ఇటు తిరిగాడు. తెరమీది ఫలితం చదివి, "ఆపండి," అన్నాడు.

వరండాలో మా ఆయన వెనకాలే వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"అందరి ముందూ పరువు తీశావు. ఇంటికి పద, మాట్లాడుకుందాం."

"ఇంట్లో ఇక ఆఫీసు మాటలుండవు," అన్నాను. "రేపు పొద్దున నా సీటు దగ్గరికి రా. నీకంటే ముందు ఎవరైనా ఉంటే, కాసేపు ఆగాలి."