పల్చటి ముక్కలు

ఇన్నయ్య కత్తిపీట మీద పండుగప్పను టకటకా ముక్కలు చేసేశాడు. కొన్నావిడ గిన్నెలోకి చూసి మూతి ముడిచింది.

"ఇంత మందమా? వేపుడికయ్యా. మళ్ళీ పల్చగా కొయ్యి."

"కోసిన చేపని అతికించి మళ్ళీ కోత్తానా? పులుసెట్టుకో."

పక్కన రొయ్యల బుట్ట ముందు కూర్చున్న వీరవేణి నవ్వింది. "నీ మొహం చూసి ఈ చేపలు మళ్ళీ బతికి గోదాట్లో దూకేత్తాయి బావా."

"ముందు నీ నోరు దూకకుండా చూసుకో."

యానాం చేపల బజారులో ఇన్నయ్య చేత మంచిగా మాట్లాడించగలిగిన మనిషి ఒక్కతే ఉండేది, అతని భార్య ఆగ్నెస్. ఆమె పోయాక ఆ అవసరమూ పోయింది. మోకాళ్ళ పైకి మడిచిన లుంగీతో, ముంజేతులకు ఎండి అంటుకున్న పొలుసుతో పొద్దున్నుంచి అలా కూర్చునే ఉంటాడు. దాహం వేసినా లేవడు. లేస్తే బేరం పక్కవాడి కత్తిపీటకు పోతుంది.

ఉన్నట్టుండి ఎడమ డొక్కలోంచి గజ్జల్లోకి నొప్పి దిగింది. ఇన్నయ్య పళ్ళు బిగబట్టి వంగిపోయాడు.

"నిన్న కాకినాడెళ్ళి స్కానింగు తీయించుకున్నావు కదా, ఏమన్నారేంటి?" అంది వీరవేణి.

"ఏమీ లేదన్నారు."

"మరింకేం? మేరీమాతకి కొవ్వొత్తి ఎలిగించు."

ఇన్నయ్య డొక్క నొక్కుకున్నాడు. ఆగ్నెస్‌కీ సరిగ్గా ఈ పక్కనే నొప్పి. అప్పుడూ ఫిలిములు చూసి ఏమీ లేదనే అన్నారు. ఇద్దరూ సంతోషంగా బస్టాండులో కాజాలు కొనుక్కుని ఇంటికొచ్చారు. ఏమీ లేదన్న చోటే గడ్డ ఉంది. అది బయటపడేసరికి ఆమె మంచం దిగడం మానేసింది. ఆ మాటన్న డాక్టరు పేరు ఇన్నయ్యకు గుర్తుంది. చచ్చేదాకా గుర్తుంటుంది.

కత్తిపీట కడిగి వీరవేణికి అప్పగించి, కాకినాడ బస్సెక్కాడు.

స్కానింగు మిషను నడిపే ఉమామహేశ్వరం ఫిలిములు వెలుగుకు పెట్టి చూపించాడు. "మూత్రంలో రాయుందేమోనని పంపారు. రాయి లేదు బాబాయ్. ఏమీ లేదు."

"మళ్ళీ చూడు."

"రిపోర్టు ఇచ్చేశారండి."

"చూసేదాకా లెగను." ఇన్నయ్య గుమ్మానికి అడ్డంగా చతికిలబడ్డాడు. చేపల వాసనకు వరసలో వాళ్ళు ముక్కులు మూసుకున్నారు. అతను కదల్లేదు.

ఉమామహేశ్వరం విసుక్కుంటూ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. "నిన్నటి బొమ్మలు ఐదు మిల్లీమీటర్ల మందం ముక్కలు. ఒకటింపావు మందంలో మళ్ళీ కట్టిత్తాను. రేపొచ్చుంటే కంప్యూటర్లో నిన్నటిదంతా చెరిగిపోయేది."

"మళ్ళీ ఆ బల్లెక్కాలా?"

"అక్కర్లేదు. మిషను మీ చుట్టూ తిరిగి పట్టిందంతా ఇందులోనే ఉంది. మందంగా కోసుకున్నా, పల్చగా కోసుకున్నా మనిష్టం."

కోసినదాన్ని మళ్ళీ మొదటినుంచి కోయడం ఇన్నయ్య ఎరగడు. తెర మీద తన నడుమే పల్చటి ముక్కలుగా ఒకదాని వెనక ఒకటి జారిపోతుంటే చూశాడు. బొమ్మంతా ఇసక చల్లినట్టుంది. ఒకచోట ఉమామహేశ్వరం చెయ్యి ఆగింది. ఇసక మధ్యలో తెల్లటి చుక్క.

"ఉంది బాబాయ్! మూత్రసంచి గుమ్మంలో కూర్చుంది."

"గడ్డా?"

"గడ్డేంటండి, రాయి! చిన్నది కదా, మందం ముక్కలో చుట్టూ ఉన్న కండలో కలిసిపోయింది."

లోపలి గదిలోంచి డాక్టరమ్మ వచ్చి, ఆ ముక్కలన్నీ పైనుంచి కిందిదాకా తిరగేసింది. రాయి తప్ప గడ్డలాంటిదేదీ కనపడలేదంది. దానంతటదే పడిపోతుందని, నీళ్ళు బాగా తాగమని, పడ్డ రాయి దొరికేలా మూత్రం జల్లెడలో పోసుకోమని చెప్పింది.

ఇన్నయ్య ఉమామహేశ్వరం వైపు తిరిగాడు. "నిన్నే ఆ పనేదో ఏడిత్తే నీ సొమ్మేం పోయేది?"

"పల్చగా కడితే ఇలా ఇసకలా ఉంటాది. చూడ్డం కష్టమండి."

"కష్టమంట!" అని బయటికి నడిచాడు. క్షమించలేదు. కానీ బస్టాండులో కాజాలు కొన్నాడు.

బజారులో ఆ పొట్లం వీరవేణి ముందు పెట్టాడు.

"ఏమన్నారు బావా?"

"ఉందన్నారు."

"ఓలమ్మో!"

"రాయే. తిను."

ఫరంపేటలో ఇంటికెళ్ళి చెంబు తర్వాత చెంబు నీళ్ళు తాగాడు. పొయ్యి పైన మేకుకు ఆగ్నెస్ టీ వడకట్టే జల్లెడ వేలాడుతోంది. ఆమె పోయినప్పటినుంచి ఆ ఇంట్లో టీ కాయలేదు. దుమ్ము దులిపి దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళాడు. దీపాల వేళ నొప్పి ఒక్కసారి మెలిపెట్టింది. ఆ తర్వాత జల్లెడలో టిక్కుమని చిన్న చప్పుడు. అంతే, నొప్పి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఇన్నయ్య ఎడమ పక్కకు తిరిగి పడుకున్నాడు. నిద్ర వెంటనే పట్టింది.

కిటికీ గట్టు మీద, కడిగి బోర్లించకుండా వదిలేసిన ఆగ్నెస్ జల్లెడ. దాని నడిమధ్యన ఆవగింజంత గోధుమరంగు రాయి.