గల్లీలో ఉన్ని

జగిత్యాలలో వకీలు మాధవ రావు ఇంట్లో ఆ ఆదివారం ఐదుగురు కూర్చుని ఏడాదికి సరిపడా నవలలు ఎంచుతున్నారు. నెలకొక పుస్తకం చదవడం, నెలాఖరు ఆదివారం ఒకచోట కలిసి దాని గురించి మాట్లాడుకోవడం వాళ్లకు మూడేళ్లుగా అలవాటు. ఒక నెల జగిత్యాల, ఒక నెల కోరుట్ల, ఒక నెల సిరిసిల్ల. ఈసారి అన్నీ అనువాదాలే చదువుదామని ముందే అనుకున్నారు. ఎవరికి నచ్చినవి వాళ్లు తెచ్చి బల్ల మీద పెట్టారు. తమిళం నుంచి వచ్చినది ఒకటి, బెంగాలీవి రెండు, ఇటుకంత మందం రష్యన్ నవల ఒకటి. అన్నిటి మీద మాధవ రావు తెచ్చిన మరాఠీ నవల ఉంది. తెలుగులో దాని పేరు 'గల్లీలో ఉన్ని'.

"బొంబాయి పక్కన భీవండిల సాంచాలు నడిపేటోళ్ల కథ ఇది. ఇక్కడికెల్లి పోయిన మనోళ్ల కథే," అన్నాడు మాధవ రావు. కళ్లద్దాలు సర్దుకుని ఒక పేజీ తీసి చదివాడు.

"పన్నెండింటికి గల్లీలో ఉన్ని పడింది. ఆడవాళ్లంతా చాపలు తీసుకుని ఉన్నిలోకి వచ్చి కూర్చున్నారు. అరగంటలో ఉన్ని గోడెక్కి వెళ్లిపోయింది."

పేజీలో వేలు పెట్టి పుస్తకం మూశాడు. "ఎంత మంచిగ రాసిండో చూడుండ్రి. వాళ్ల బతుకుల మెత్తగ ఉండేది గా అరగంటే," అన్నాడు. ఆయన భార్య ప్రమీల తల ఊపింది. కోరుట్లలో పళ్ల డాక్టరు జ్యోత్స్న ఆ వాక్యాలు తన నోట్‌బుక్కులో రాసుకుంది.

వందనకు మాత్రం ఆ మాటలు నమ్మబుద్ధి కాలేదు. ఆమె సిరిసిల్లలో తెలుగు టీచరు. పుట్టింది, మెట్టింది నేత ఇళ్లలోనే. భర్త శ్రీశైలం ఇప్పటికీ నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. ఆ చప్పుడు ఆగితే ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. మరమగ్గం మీద ఉన్ని నేయడం ఆమె ఎక్కడా వినలేదు. అయినా ఆయన ముందు ఆ మాట అనడానికి జంకింది. మాధవ రావు ఎంత మర్యాదగా మాట్లాడినా, దొరగా ఏలిన ఆయన తాత పేరు చెబితే బుగ్గారం వైపు ముసలివాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు.

"సార్, భీవండిల ఉన్ని నేయరు," అంది చివరికి. "ఉన్నిల కూసునుడేంది? నాకెందుకో అనువాదం మీదనే అనుమానమున్నది. ఇది తీసుకునే ముందు ఒక్కసారి చూసుకుంటే మంచిది."

"దూది నూగు అయ్యుండచ్చు గదమ్మా. నేత కాడ లేస్తది," అన్నాడాయన. లోపలికి వెళ్లి, ఇష్టం కొద్దీ తెప్పించి పెట్టుకున్న మరాఠీ ప్రతి తెచ్చాడు. నలభై ఏళ్లు హిందీ పండితుడిగా పనిచేసిన చంద్రమౌళి దాన్ని అందుకుని, అట్ట మీది అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"హిందీ లిపే గదా. గల్లీతలం ఊన్. ఊన్ అంటే ఉన్నే. తప్పేం లేదు వందనా," అన్నాడు.

మిగిలినవాళ్లు వందన వైపు చూశారు. ఆమె ముఖం వేడెక్కింది. మాధవ రావు మాత్రం ఆ పుస్తకాన్ని ఆమె చేతికే ఇచ్చాడు. "తీస్కపో. మీ సిరిసిల్లల భీవండి పోయొచ్చినోళ్లు మస్తుమంది ఉంటరు. ఎవరితోనన్న చదివించు. వచ్చే నెల కోరుట్లల తేల్చుకుందాం. అప్పటిదాక దీన్ని పక్కన పెడ్తున్న."

సిరిసిల్లలో అలాంటివాళ్లు నిజంగానే మస్తుమంది ఉన్నారు. వందన ముందుగా వీధి చివరి మల్లేశం దగ్గరికి వెళ్లింది. ఆయన భీవండిలో ఇరవై రెండేళ్లు ఉండి వచ్చాడు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మాట్లాడుమంటే పొద్దుందాక మాట్లాడ్త బిడ్డా. చదువుమంటే నాతోని కాదు," అని తిరిగి ఇచ్చేశాడు. ఇంకో ఇద్దరిని అడిగింది. వాళ్లదీ అదే మాట. పది రోజులు గడిచేసరికి ఆమెకూ విసుగు పుట్టింది. పుస్తకం వంటింటి అల్మరా మీద, పప్పు డబ్బాల పక్కన పడి ఉంది.

ఒక సాయంత్రం ఆమె బడి నుంచి వచ్చేసరికి అత్త బాలవ్వ కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చుని ఉంది. ఒళ్లో ఆ పుస్తకం. వేలు ఒక్కో మాట కింద మెల్లగా జరుగుతోంది. పెదవులు కదులుతున్నాయి.

వందన చెప్పులు విప్పడం మరిచిపోయింది. అత్త భీవండిలో పెరిగిందని తెలుసు కానీ, వేలిముద్ర వేసే మనిషిని చదవమని అడగాలని ఆమెకు తోచలేదు. "అత్తమ్మా, నీకు చదువస్తదా?"

బాలవ్వ తల ఎత్తింది. దొంగతనం పట్టుబడ్డట్టు లేదు ఆమె ముఖం, పనిలో ఉన్న మనిషిని పిలిచినట్టుంది. "ఇది మరాఠీ గదా. మరాఠీ వస్తది."

"ఎన్నడు చెప్పలే?"

"ఎవలు అడిగిండ్రు? అందరు తెలుగు చదవస్తదా అని అడిగిండ్రు. రాదన్న. నిజమే గదా."

ఆ రాత్రి అన్నం తింటూ బాలవ్వ తానే చెప్పింది. ఆమెకు మూడేళ్లప్పుడు తండ్రి ఇల్లంతా ఎత్తుకుని భీవండి వెళ్లాడు. అక్కడి మరాఠీ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఏడులో బడికంతా మొదటిదిగా వచ్చింది. పదహారేళ్లకు సిరిసిల్లకు ఇచ్చి పెళ్లి చేశారు. ఇక్కడికి వచ్చాక బస్సుల మీద పేర్లు, దుకాణాల బోర్డులు అన్నీ పూసలు గుచ్చినట్టు గుండ్రంగా కనిపించాయి. ఒక్కటీ తెలియలేదు. ఓ ఆఫీసులో కాగితం మీద మరాఠీలో దస్కత్తు పెడితే, అక్కడున్నతను నవ్వి, ఇది నడవదమ్మా, వేలిముద్ర పెట్టమన్నాడు. పెట్టింది. అప్పటి నుంచి పెడుతూనే ఉంది.

శ్రీశైలం చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "నలభై ఏండ్లొచ్చినయి నాకు. మా అమ్మకు చదువస్తదని ఇయ్యాల తెలిసింది," అన్నాడు. బాలవ్వ అతని కంచంలో ఇంకాస్త పప్పు వేసింది.

మర్నాటి నుంచి వందన బడి నుంచి వచ్చాక ఇద్దరూ కూర్చునేవాళ్లు. బాలవ్వ మరాఠీలో ఒక వాక్యం చదివేది, తర్వాత తన మాటల్లో చెప్పేది. మొదట్లో ఒక పేజీకి గంట పట్టింది. వారం తిరిగేసరికి ఆమె వేలు పెట్టడం మానేసింది. వందన తెలుగు పుస్తకం పక్కన పెట్టుకుని చూసుకునేది. మూడో అధ్యాయంలో ఆ వాక్యాలు వచ్చాయి.

"పన్నెండు గొట్టంగ గల్లీల ఎండ పడ్డది," అంది బాలవ్వ.

"ఎండనా?"

"ఊన్ అంటే ఎండ గదనే. భీవండిల ఇండ్లు ఒకదానికొకటి ఒరుసుకొని ఉంటయి. పొద్దు నెత్తిమీదికి వస్తే తప్ప కిందికి వెలుగు దిగది. గప్పుడు అందరం చాపలేసుకొని ఎండల కూసుందుము. తలలు ఆరవెట్టుకుందుము. అరగంటైతే ఎండ గోడెక్కి పోతుండె."

వందన నవ్వబోయి ఆగింది. బాలవ్వ నవ్వడం లేదు. పేజీ మీద చెయ్యి పెట్టి, ఆ గల్లీలోనే కూర్చున్నట్టు ఉంది.

ఆమెకు పుస్తకం అంతా నచ్చిందని కాదు. ఏడో అధ్యాయంలో రచయిత ఆ గల్లీలోని తెలుగు ఆడవాళ్లను మూగవాళ్లని రాశాడు. బాలవ్వ పుస్తకం మూసి పక్కన పెట్టేసింది. "మూగోళ్లట. మేం మాట్లాడింది గాయినకు సమజ్ కాలే, గంతే," అంది. రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడో రోజు తానే అడిగి తీసుకుంది.

కోరుట్ల వెళ్లాల్సిన ఆదివారం వచ్చింది. వందన రమ్మంటే బాలవ్వ మొదట ఒప్పుకోలేదు. "చదువుకున్నోళ్ల నడుమ నేనేం మాట్లాడ్త?" అంది. కానీ బస్సు టైముకు నేత చీర కట్టుకుని, పుస్తకాన్ని గుడ్డ సంచిలో పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. వేములవాడ దాటి చందుర్తి మీదుగా బస్సు పోతుంటే వందనకు ఇంకో దిగులు పట్టుకుంది. మాధవ రావు ఆ ఉన్ని గురించి ఎక్కడికి వెళ్లినా చెబుతున్నాడని జ్యోత్స్న ఫోన్లో చెప్పింది. పెద్దమనిషి. నలుగురిలో ఆయన మాట తప్పని ఎలా చెప్పాలి?

జ్యోత్స్న ఇంటి మేడ మీద గదిలో అందరూ అప్పటికే చేరారు. మాధవ రావును చూడగానే బాలవ్వ కుర్చీలో కూర్చోకుండా, "దండం దొరా," అంది.

ఆయన లేచి నిలబడ్డాడు. "గా పిలుపు వద్దమ్మా. పేరుతోనో, సారనో పిలువు. ముందు కూసో," అన్నాడు. ఆమె కూర్చునేదాకా తాను కూర్చోలేదు.

వందన ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుండగానే బాలవ్వ సంచిలోంచి పుస్తకం తీసింది. "సారూ, దీంట్ల ఉన్ని లేదు. ఊన్ అంటే ఎండ."

చంద్రమౌళి ముందుకు వంగాడు. "అట్లెట్లనమ్మా? నలభై ఏండ్లు చెప్పిన నేను."

"హిందీల ఉన్నే సారూ. మీరు చెప్పింది తప్పు కాదు. మరాఠీల ఉన్నిని లోకర్ అంటరు."

తర్వాత ఆ అరపేజీ మరాఠీలో చదివి, తన మాటల్లో చెప్పింది. మొదట ఒక్కో మాట కింద మళ్లీ వేలు పెట్టింది. చాపలు, ఆరబెట్టుకున్న తలలు, గోడెక్కి పోయిన ఎండ వచ్చేసరికి వేలు తీసేసింది. చదవడం అయిపోయాక చంద్రమౌళి మెల్లగా తల ఊపాడు.

మాధవ రావు తన తెలుగు పుస్తకం తెరిచి, పెన్సిలుతో గీత గీసుకున్న వాక్యాలు మళ్లీ చదువుకున్నాడు. ప్రమీల ఆయన మోచేతిని తాకింది.

"నాకు గా ఉన్ని మస్తు నచ్చింది," అన్నాడు చివరికి. "ముగ్గురు దోస్తులకు ఫోన్ చేసి చదివి వినిపించిన. తప్పని ఇప్పుడు తెలిసింది. అయినా జెర బాధైతంది."

"ఎండ ఉన్నిలెక్కనే ఉంటది సారూ, చలికాలంల," అంది బాలవ్వ. ఆయనను ఊరడించడానికి అన్నట్టు లేదు. ఉన్న సంగతి చెప్పినట్టే అంది.

ఆయన నవ్వాడు.

ఆ పుస్తకం వద్దు, తమిళంది తీసుకుందామని జ్యోత్స్న అంది. ఇంతగా తప్పులున్నది ఎలా చదువుతామని ప్రమీల కూడా అంది. మాధవ రావే ఒప్పుకోలేదు. "పుస్తకం ఇదే. తెలుగు ప్రతి మాత్రం వద్దు. ఈ అమ్మ చదివి చెప్తే విందాం. ఎన్ని నెలలైతే అన్ని నెలలు," అన్నాడు.

బాలవ్వ కోడలి వైపు చూసింది. "నాకు పుస్తకాల తెలుగు రాదు. నా తెలుగు ఇదే."

"ఇదే కావాలె," అన్నాడు చంద్రమౌళి, ఎవరూ అడగకుండానే.

మూడు నెలలు పట్టింది. సిరిసిల్లలో, జగిత్యాలలో, మళ్లీ కోరుట్లలో. మూగవాళ్ల సంగతి వచ్చిన రోజు బాలవ్వ, అక్కడ లేని రచయితతో, అందరి ముందూ పోట్లాడింది. ప్రమీల ఆమె వైపు, చంద్రమౌళి రచయిత వైపు చేరారు. ఆ పూట టీలు చల్లారిపోయాయి. ఈలోగా మాధవ రావు ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. పదిహేను రోజులకు అనువాదకుడే ఫోన్ చేశాడు. ముసలాయన. తనకు హిందీ బాగా వచ్చని, మరాఠీ దాని పక్కిల్లే కదా అనుకున్నానని ఒప్పుకున్నాడు. "ఆ ఉన్ని నాకూ బాగా నచ్చిందండీ. అందుకే అనుమానం రాలేదు," అన్నాడట. ఆ సంగతి చెబుతున్నప్పుడు మాధవ రావు ముఖంలో కోపం లేదు. తోడు దొరికినవాడిలా ఉన్నాడు.

తర్వాతి నెలకు తమిళ నవల ఖాయమైంది. అది తెలుగు అక్షరాల్లో ఉంది, బాలవ్వకు చదవడం కుదరదు. అందుకని వందన సాయంత్రాలు ఒక్కో అధ్యాయం పైకి చదివి వినిపించేది. బాలవ్వ చిక్కుడుకాయలు గిల్లుతూ వినేది. ఉన్నట్టుండి చెయ్యి ఎత్తి ఆపేది.

"ఆగు. తల్లి బిడ్డతోని గట్ల మాట్లాడ్తదా? దీంట్ల ఏదో తప్పున్నది."

వందన ఆ వాక్యం పక్కన చిన్న గీత పెట్టేది. పుస్తకం పూర్తయ్యేసరికి అలాంటివి ముప్పై దాకా తేలాయి. తమిళం వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోమని ఆ రాత్రే ఆమె జ్యోత్స్నకు ఫోన్ చేసింది.